డాక్టరమ్మ అని పిలవడం కొన్నాళ్లు ఆపండి

ప్రశ్న: మాది ముక్తేశ్వరం దగ్గర పల్లెటూరండి. మా వారు కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. మా పాప ఎంబీబీఎస్ రెండో ఏడు, రేవు అవతల మెడికల్ కాలేజీలో, హాస్టల్లో ఉంటోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటే కన్వీనర్ కోటాలో సీటొచ్చింది. మొదటేడు అనాటమీ పోయింది, సప్లిమెంటరీలో గట్టెక్కింది. అప్పట్నుంచి మనిషి మనిషిలా లేదండి. సంక్రాంతికి వచ్చి ఉన్నన్నాళ్లూ గది తలుపేసుకునే ఉంది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి రమ్మన్నా రాలేదు. తెల్లవారుజామున మూడింటిదాకా పడుకోదు, మధ్యాహ్నందాకా లేవదు. జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడిపోతోంది. “నేను దీనికి పనికిరానమ్మా, మానేస్తాను” అంటోంది. అంత కష్టపడి తెచ్చుకున్న సీటు వదిలేస్తే నలుగురిలో తలెత్తుకోలేమని మా వారు. దిష్టి అని మా అత్తగారు. మానసిక వైద్యుడికి చూపిద్దామంటే రికార్డుల్లో ఉండిపోతుందేమో, రేపు డాక్టరుగా రిజిస్టర్ చేసుకోనివ్వరేమో, సంబంధాలు రావేమో అని నా భయం. ఇది ఫోన్ వల్లా? బద్ధకమా? మొన్న వెళ్లేటప్పుడు “నేను లేకపోతే మీకు ఈ గొడవే ఉండదు కదా” అంది. ఏదో చిరాకులో అన్నదిలెండి. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, కోనసీమ

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో రాసి, “చిరాకులో అన్నదిలెండి” అని దాటేసిన మాట దగ్గర్నుంచే మొదలుపెడతాను. మిగతావన్నీ వారం ఆగినా ఫర్వాలేదు. ఇది మాత్రం ఇవాళే.

“నేను లేకపోతే” అన్నది చిరాకే కావచ్చు, కాకపోవచ్చు. ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, అక్కడుండి మీరూ ఊహించలేరు. అడగాలి. ఇవాళే ఫోన్ చేసి, డొంకతిరుగుడు లేకుండా అడగండి: “మొన్న అలా అన్నావు, నాకు నిద్రపట్టలేదు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా అమ్మా?” అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది తల్లులు భయపడతారు. అలా పుట్టదు. లోపల అలాంటిదేదైనా ఉంటే, ఒకళ్లు అడిగారు కాబట్టి చెప్పుకునే దారి దొరుకుతుంది.

“అవును” అంటే కోప్పడకండి, ఏడ్చి ఒట్లు వేయించుకోకండి, “నీకేం తక్కువ చేశాం” అనకండి. “ఎప్పట్నుంచి? ఏం చేద్దామనుకున్నావు?” అని అడిగి వినండి. ఆ రాత్రి ఒంటరిగా ఉండనివ్వొద్దు. మీరు వెళ్లేదాకా రూమ్మేట్‌ని పక్కన ఉండమని అడగండి, వార్డెన్‌కి చెప్పండి. 14416 నంబరుకి చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చుండదు, తెలుగులో మాట్లాడతారు. పాపే చేయనక్కర్లేదు, తల్లిగా మీరూ చేసి ఏం చేయాలో అడగొచ్చు. ఆలోచనతో ఆగక ఎలా అన్నది కూడా అనుకుని ఉంటే ఫోన్లతో సరిపెట్టకండి, ఆ పూటే ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ఇంకొక మాట. పొలం మందులు, మామగారి బీపీ మాత్రలు, నిద్రమాత్రలు ఇంట్లో ఉంటే పాప ఇంటికొచ్చే ముందే తాళం పెట్టండి, లేదా వేరేచోటికి చేర్చండి. ఇందులో అపశకునం ఏమీ లేదు. గ్యాస్ కట్టేసి పడుకోవడం లాంటిదే.

“లేదు, ఊరికే అన్నాను” అన్నా మీరు ఆగకూడదు. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే నాకు బద్ధకం కనిపించడం లేదు.

నేను చాలా ఏళ్లు అనాటమీ చెప్పిన మనిషిని. బద్ధకం ఉన్న పిల్లలు సంక్రాంతికి తీర్థం మానరు, చదువు మానతారు. మీ అమ్మాయి చదువుతోపాటు తీర్థం, నిద్ర, మనుషులు అన్నీ మానుకుంది. ఇష్టమైనవాటి మీద ఇష్టం పోవడం, నిద్ర తలకిందులవడం, “నేను పనికిరాను” అనే మాట, ఇవి రెండు వారాలు దాటి రోజూ ఉంటే డిప్రెషన్ ఉందేమోనని చూడాలని వైద్యశాస్త్రమే చెప్తోంది. మీరు చెబుతున్నది నెలల మాట. ఫోన్ సంగతికొస్తే, రాత్రి మూడింటిదాకా ఫోన్ పట్టుకునేది చాలావరకు నిద్ర రానివాళ్లే. ఫోన్ నిద్రను ఇంకా చెడగొడుతుంది, నిజమే. కానీ గొడవ అక్కడ మొదలైందనుకుని ఫోన్ లాక్కుంటే, స్నేహితులతో ఉన్న కాస్త మాటామంతీ కూడా పోతుంది.

అసలు ఈ మెడికల్ పిల్లలకేం కష్టం వచ్చిందని మీ వారికి అనిపిస్తుంది, అది సహజం. సీటొచ్చింది, ఇక కష్టాలు గట్టెక్కినట్టే అని ఊరంతా అనుకుంటుంది. లోపల జరిగేది వేరు.

నీట్‌లో 180 ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు ఇచ్చి ఉంటారు, సరైనది గుర్తుపట్టి గుండ్రం నింపితే చాలు. రెండేళ్లు ఆ పిల్ల చేసిన సాధన అంతా దానికే. మెడికల్ కాలేజీలో అడుగుపెట్టగానే పేజీలకు పేజీలు రాయాలి, నోటితో చెప్పాలి, అదీ ఇంగ్లీషులో. వైవా అంటే నోటి పరీక్ష. ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను. పరీక్షకుడు మెడ కింద అడ్డంగా ఉండే ఎముక, క్లావికల్, చేతికిచ్చి “ఏ వైపుది?” అంటాడు. లావుపాటి కొన రొమ్ము వైపు, చదునుగా ఉన్న కొన భుజం వైపు రావాలి. పిల్లకు తెలుసు. ఎముకను సరిగ్గానే తిప్పి పట్టుకుంటుంది, తన మెడ కింద ఆనించి చూపిస్తుంది కూడా. “ఎందుకో చెప్పు” అంటాడు. తెలుగులో అనుకున్నది ఇంగ్లీషులో వాక్యంగా కూర్చుకునేలోపే ఆయన రెండో ప్రశ్నకు వెళ్లిపోతాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని అదే జవాబు స్నేహితురాలికి గడగడా చెప్పేస్తుంది. మార్కులు మాత్రం బల్ల దగ్గరే పోయాయి. ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని చూశానో. వాళ్లకు సబ్జెక్టు రాదంటే నేనొప్పుకోను.

దీనికి తోడు ఇంకొకటుంది. ఆ పిల్ల ఒకటో తరగతి నుంచి మీ ఊళ్లో ఫస్టు. క్లాసులో మిగతావాళ్లు కూడా వాళ్ల వాళ్ల ఊళ్లలో ఫస్టే. 150 మంది ఫస్టు ర్యాంకులను ఒక గదిలో కూర్చోబెడితే 75 మంది కింది సగంలో ఉండక తప్పదు, ఎవరు ఎంత చదివినా. జీవితంలో మొదటిసారి అక్కడ కూర్చున్న పిల్లకు తన తెలివే ఎక్కడో పోయినట్టుంటుంది. చెప్పుకుందామంటే ఇంట్లో అంతా “డాక్టరమ్మ” అంటున్నారు.

మీ ఇంట్లోనూ అంటున్నారు కదా? ఉత్తరంలో రాయలేదుగానీ నేను ఊహించగలను. పండక్కి వచ్చిన చుట్టాలు బాబాయి షుగర్ రిపోర్టు, పెద్దమ్మ మోకాలి ఎక్స్‌రే పట్టుకొచ్చి “అమ్మడూ, చూసి చెప్పవే” అని ఉంటారు. రెండో ఏడు పిల్లకు అవి పూర్తిగా తెలియాల్సిన అవసరమే లేదు. ఇప్పుడే పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ మొదలయ్యాయి, వార్డులోకి ఇప్పుడే అడుగుపెడుతోంది. “నాకింకా రాదు” అనలేక, తెలిసినట్టు చెప్పలేక, గదిలోకి పోయి తలుపేసుకుంటే ఆశ్చర్యం లేదు. డాక్టరమ్మ అని పిలవడం కొన్నాళ్లు ఆపండి. చిన్నప్పటినుంచి పిలిచే పేరుతో పిలవండి. రిపోర్టులు తెచ్చినవాళ్లను మీరే గుమ్మంలో ఆపి ఊళ్లో ఉన్న డాక్టరు దగ్గరికి పంపండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు.

ఈ బాధ ఆ పిల్ల ఒక్కదానిది కాదని మీ వారికి చెప్పడానికి రెండు లెక్కలు ఇస్తాను. 43 దేశాల మెడికల్ విద్యార్థులపై జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2016లో అమెరికా వైద్య పత్రిక ఒకటి ప్రచురించింది. డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ ఉన్నవాళ్లు 27.2 శాతం. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ వేసిన కార్యదళం 2024లో నివేదిక ఇచ్చింది. సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ పిల్లలు 25,590 మంది. వాళ్లలో 27.8 శాతం తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పారు. అంటే నలుగురిలో ఒకరికి పైనే. నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే అంకె. ఆ 2016 లెక్కలో, డిప్రెషన్ ఉందని తేలినవాళ్లలో వైద్యం కోసం వెళ్లినవాళ్లు 15.7 శాతమే. రేపు మందులు రాయబోయేవాళ్లే తమకు మందు అడగరు. కారణం మీరు రాసిన భయమే: తెలిసిపోతుందేమోనని. వాళ్లకు ఇంకాస్త ఎక్కువ. తమ కాలేజీ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుంటే ఎదురుగా కూర్చునేది రేపు పాఠం చెప్పే ప్రొఫెసరే, పక్కన నిలబడేది సీనియరే.

కాబట్టి తన కాలేజీ ఆసుపత్రికే వెళ్లాలని పట్టుబట్టకండి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి అన్నాక సైకియాట్రీ, అంటే మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, ఏలూరు, మన డెల్టా చుట్టూ ఈ ఊళ్లన్నిటిలో అలాంటి ఆసుపత్రులున్నాయి. ఒక ఊళ్లో చదువుతుంటే ఇంకో ఊళ్లో చూపించుకోవచ్చు. బస్సులో వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఇక రికార్డు సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత, కాలేజీకి చెప్పడానికి వాళ్లకు హక్కు లేదు. డిప్రెషన్‌కు మందు వాడినవాళ్లు ఎంబీబీఎస్ చదవకూడదని గానీ, డాక్టరుగా పనిచేయకూడదని గానీ నిబంధన ఎక్కడా లేదు.

వెళ్లే ముందో, ఆ రోజే అక్కడో, రక్తపరీక్షలు చేయించండి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, వీలైతే విటమిన్ బి12. జుట్టు ఊడటం, నీరసం, ఎంత పడుకున్నా తీరని నిద్ర, వీటికి రక్తహీనతో థైరాయిడ్ తక్కువవడమో కూడా కారణం కావచ్చు. ఆడపిల్లల్లో రెండూ మామూలే. హాస్టల్ మెస్సులో సగం తిని లేచేవాళ్లకైతే మరీను. అవి సరిచేస్తే సగం తేలికపడే సందర్భాలున్నాయి. అవి బాగున్నాయని తేలితే మిగతాది వెతుక్కోవచ్చు.

డాక్టరు మాత్రలు రాస్తే భయపడకండి. డిప్రెషన్ మాత్రలు, నిద్రమాత్రలు ఒకటి కాదు. వీటికి అలవాటుపడి బానిసలవరు. కాకపోతే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పని మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అందుకని వారానికే “ఏం తేడా లేదు” అని ఆపకూడదు. బాగయ్యాక కూడా కొన్ని నెలలు వాడాలి, డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా మానకూడదు. మొదటి వారాల్లో మనసు ఇంకా అల్లకల్లోలంగా ఉందనిపిస్తే ఆ రోజే ఫోన్ చేసి చెప్పాలి. అందరికీ మాత్రలు అవసరం ఉండదు, కొంతమందికి కౌన్సెలింగుతోనే కుదుటపడుతుంది. అది చూసిన డాక్టరు తేలుస్తారు. మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తియ్యనివ్వండి. ఆవిడ మనశ్శాంతి ఆవిడకూ కావాలి. దానికోసం అపాయింట్‌మెంట్ మాత్రం వాయిదా వెయ్యకండి.

ఇక మీరు రోజూ చేసే ఫోన్. “తిన్నావా? చదువుతున్నావా? పరీక్షలెప్పుడు? నాన్నగారితో మాట్లాడు.” అంతేగా? ఆ పిల్లకు మొదటిదానికి అబద్ధం చెప్పాలి, రెండోదానికి అబద్ధం చెప్పాలి, మూడోదానికి గుండె జారిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషి జీవన నాణ్యత కొలవడానికి 26 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసింది. అందులో నిద్ర గురించి ఉంది, ఒంట్లో ఓపిక, చేతిలో డబ్బు, ఉండే చోటు, ప్రయాణ సౌకర్యం, స్నేహితుల ఆసరా, సరదాకి దొరికే తీరిక గురించి ఉన్నాయి. మార్కుల ప్రశ్న లేదు. మీరూ ఆ దారిలో అడగండి. గదిలో ఎంతమంది ఉన్నారు, ఫ్యాన్ తిరుగుతోందా, నీళ్లు వస్తున్నాయా, రాత్రి అన్నం ఎవరితో కూర్చుని తింటున్నావు, నెలాఖరుకు డబ్బులు సరిపోతున్నాయా. “ఎవరితోనూ కాదు, గదికి తెచ్చుకుని తింటాను” అంటే అదే మీరు తెలుసుకోవాల్సిన సంగతి. ఎవరైనా వేధిస్తున్నారా అనికూడా నెమ్మదిగా అడగండి. ర్యాగింగ్ మన రాష్ట్రంలో 1997 నుంచి చట్టరీత్యా నేరం. “మా రోజుల్లో మేమూ పడ్డాం” అనే సీనియర్ల మాటకు, కొందరు మా తోటి ప్రొఫెసర్ల మాటకు కూడా, విలువ ఇవ్వనక్కర్లేదు.

పరీక్ష గురించి భయం ఎక్కువుంటే నిబంధన ఏంటో చెప్పండి. మొదటేడు పాసవడానికి నాలుగు అవకాశాలిస్తారు, మొత్తం కోర్సుకు తొమ్మిదేళ్ల గడువు. మీ పాప రెండో అవకాశంలోనే దాటేసింది, తన బ్యాచ్‌తోనే ఉంది. వెనకబడిందేమీ లేదు. ఇప్పుడు జాగ్రత్తపడాల్సింది హాజరు విషయంలో. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం ఉండాలి. మధ్యాహ్నం దాకా పడుకుంటే పొద్దుటి వార్డు పోస్టింగులు పోతాయి. అవి పోయాయన్న భయంతో రాత్రి నిద్ర రాదు, మర్నాడు మళ్లీ పోతాయి. దీన్ని తిట్లతో తెంపలేరు. వైద్యం మొదలయ్యాక ముందు లేచే వేళ సరిచేయాలి, పడుకునే వేళ దాని వెంట వస్తుంది. కొన్నాళ్లు సెలవు కావాలని డాక్టరు అంటే సర్టిఫికెట్‌తో ప్రిన్సిపాల్‌కు రాసిచ్చి తీసుకోండి. చెప్పకుండా ఇంటికొచ్చి కూర్చుంటేనే చిక్కు.

చదివే తీరు గురించి పాపకు నా మాటగా ఒకటి చెప్పండి. ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదవడం కన్నా, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది చెప్పుకుంటే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో అమెరికాలో చేసిన ప్రయోగాల్లో తేలింది. ముందు తెలుగులో చెప్పుకుని, తర్వాత అదే ఇంగ్లీషులో పైకి చెప్పమనండి, గోడకైనా సరే. వైవా భయానికి నాకు తెలిసిన మందు అదే. ఒంట్లో, మనసులో బాగోనప్పుడు ఇది కూడా కుదరదు. అందుకని వైద్యం ముందు, ఇది తర్వాత.

ఇప్పుడు మీ వారి ప్రశ్న, మానేస్తానంటే ఎలా అని. ఈ పరిస్థితిలో మానడానికీ కొనసాగించడానికీ రెండింటికీ ఆ పిల్ల నోటి మాటను తుది నిర్ణయంగా తీసుకోకండి. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు ఏ దారి చూసినా మూసుకుపోయినట్టే ఉంటుంది. వైద్యం మొదలై, నిద్ర కుదిరి, మూడు నాలుగు నెలలు గడిచాక మళ్లీ అడగండి. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఆ వేళకు “చదువుతాను” అన్నారు. కొందరు అనలేదు. వాళ్లలో ఒకమ్మాయి డిగ్రీ చేసి ఇవాళ హాయిగా టీచరుగా ఉంది. మీ పాప కూడా అప్పటికీ వద్దంటే వద్దనే. సీటు వదిలితే కట్టాల్సిన డబ్బు, సర్టిఫికెట్లు వెనక్కిచ్చే సంగతి కాలేజీలో కాగితం మీద అడిగి తెలుసుకుని, అప్పుడు నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. ఈలోగా “మానేసినా ఇది నీ ఇల్లే” అన్న మాట మీ వారి నోటి నుంచే రావాలి. మీరు చెబితే ఆ పిల్ల నమ్మదు, నాన్న ఏమంటారో అనే దాని భయమంతా. ఈ ఆదివారం ఇద్దరూ కలిసి పంటు పడవ ఎక్కి కోటిపల్లి రేవు దాటి వెళ్లండి. పుస్తకాల ఊసెత్తకుండా బయట టిఫిన్ తినిపించండి, ఆయన ఆ ఒక్క మాట చెప్పాక, ఇవాళ ఫోన్లో అడిగిన ప్రశ్నే మీరు ఎదురుగా మళ్లీ అడగండి. ఆదివారం దాకా ఆగలేననిపిస్తే రేపే వెళ్లండి.

పెళ్లి సంబంధాల మాట ఈ కోర్సు అయ్యేదాకా ఆ పిల్ల ముందు ఎత్తకండి. ఎవరైనా అడిగితే “చదువుకుంటోందండి” అంటే చాలు, ఇంకేమీ చెప్పాల్సిన పని లేదు.